రిమార్కు లేని మనిషి

మా బావ ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు డిపోలో స్టోర్ కీపరుగా పనిచేశాడు. బ్రేక్ లైనింగులు, ఫ్యాన్ బెల్టులు, వైపర్ బ్లేడ్లు, అరచేతిలో పట్టని నట్టు నుంచి గింజంత నట్టు దాకా అన్నీ ఆయన గదిలో ఉండేవి. ఒక్కోదానికి ఒక్కో అర, ఒక్కో అరకీ ఒక అట్టముక్క మీద పేరు. డ్రైవరు వచ్చి కౌంటరు దగ్గర నోరు తెరిచేలోపు బావ చెయ్యి వెనక్కి వెళ్ళేది, కావలసిన సామాను చేతికొచ్చేది. అదొక్కటి చూడ్డానికే చిన్నప్పుడు నేను డిపోకి వెళ్ళేదాన్ని.

అయితే ఆ డిపోల్లో ఒక ఆచారం ఉండేది. ఏడాదికోసారి పైనుంచి తనిఖీ వచ్చేది. తనిఖీకి ముందురోజు పక్క డిపో నుంచి ఒక లారీ, మీద పట్టా కప్పుకుని, పెళ్ళికూతురిలా వచ్చేది. అందులో జాకీలు, టైర్లు, బావ అరల్లో ఏవి తక్కువైతే అవి. మర్నాడు అధికారులు వచ్చి, నిండుగా ఉన్న అరలు చూసి, టీ తాగి, 'అంతా సక్రమం' అని రాసి వెళ్ళేవారు. సాయంత్రం అదే లారీ అవే జాకీలతో మూడో డిపోకి బయల్దేరేది. అవే నాలుగు జాకీలు అన్ని డిపోల్లోనూ పాసయ్యేవి.

"పైన పటారం, లోన లొటారం" అని నేను దెప్పేదాన్ని.

"అది మర్యాదే ఎక్స్ఛేంజీ" అనేవాడు బావ. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరిన రోజు నుంచీ ఆయనకి నా పేరు అదే. "ఇంటికొచ్చినవాడికి ఖాళీ అర చూపిస్తామా?"

"మరి కొత్త జాకీలు కావాలని అడిగితే ఎందుకివ్వరో తెలుసా? మీ అరలు నిండుగా ఉన్నాయని మీరే చూపిస్తున్నారు గనక. అడగందే అమ్మయినా పెట్టదు బావా."

ఆయన నవ్వేసేవాడు. ముప్పై ఒక్క తనిఖీలు, ఒక్క రిమార్కు లేదు. రిటైరైనప్పుడు వాళ్ళిచ్చిన కాగితంలో ఆ మాటే రాశారు. దాన్ని ఫ్రేము కట్టించి, పెళ్ళి ఫోటో కన్నా ఒక జానెడు ఎత్తులో తగిలించుకున్నాడు. మా అక్క ఏమీ అనలేదు. మా అక్క ఎప్పుడూ ఏమీ అనదు, అదే దానితో వచ్చిన చిక్కు.

వాళ్ళకి పిల్లల్లేరు. అక్క ఇంట్లోనే మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. రెండు గదులు, ఒక వంటిల్లు, పెరటివైపు రెండంగుళాల గడప దాటి దిగాల్సిన బాత్రూము. నలభై తొమ్మిదేళ్ళ కాపురం. నేను రెండు వీధుల అవతల ఉంటాను. నా మొగుడు పోయాక నాకున్నది వీళ్ళిద్దరే.

రెండేళ్ళ కిందట బావకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. మాట మిగిలింది, గర్వమూ మిగిలింది. ఆయన ఎనభై కిలోల మనిషి, అక్క నలభై ఆరు కిలోలు. పొద్దున్న లేపి కూర్చోబెట్టడం, గడప దాటించడం, స్నానం, బట్టలు, మళ్ళీ కుర్చీ. అన్నీ ఆ నలభై ఆరు కిలోలే. ఏడాదిన్నరకి దాని కుడి భుజం మొరాయించింది. గ్లాసెత్తితే మొహం చిట్లించేది. బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

డాక్టరు నాన్చలేదు. "ఇంక మీరు ఆయన్ని ఎత్తకూడదమ్మా. ఇంకోసారి ఎత్తితే భుజంలో కండరం తెగుతుంది. అప్పుడు మీ ఇద్దర్నీ చూడ్డానికి ఇంకో ఇద్దరు కావాలి. ఇంటికి మనిషిని పెట్టుకోండి, లేదంటే ఆయన్ని వృద్ధుల హోములో చేర్చండి."

హోము ఎలా ఉంటుందో వెళ్ళి చూసొచ్చాను. శుభ్రంగానే ఉంది, అబద్ధం చెప్పను. మగవాళ్ళకి పై అంతస్తు. చూడ్డానికి వచ్చేవాళ్ళకి సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా. నలభై తొమ్మిదేళ్ళు కలిసి ఉన్నవాళ్ళకి రోజుకి రెండు గంటలు. ఆ సంగతి చెప్తే అక్క మందుల చీటీని నాలుగు మడతలు పెట్టి, "చూద్దాంలే" అంది. ఆ 'చూద్దాంలే'ని నేను నమ్మలేదు.

మర్నాడు ఫోను పట్టుకున్నాను. ఎక్స్ఛేంజిలో ముప్పై మూడేళ్ళు పనిచేసినదాన్ని, నాకు ఫోనంటే భయం లేదు. ఇప్పటి ఫోనుకి నేనంటే గౌరవం లేదు, అంతే. ఆరోగ్య కేంద్రానికి చేస్తే సంక్షేమ కార్యాలయం అన్నారు. సంక్షేమ కార్యాలయంలో ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, పాట వినిపించింది, కట్టయింది. మళ్ళీ చేశాను. ఎవరెత్తినా ముందు పేరడిగి, టైముతో సహా కాగితం మీద రాసుకుని, "మీరు కనెక్షన్ ఇచ్చాక అవతలివాళ్ళు ఎత్తేదాకా లైన్లోనే ఉండండి" అనేదాన్ని. ఒకాయన విసుక్కున్నాడు. "నేనైతే ఉండేదాన్ని బాబూ" అన్నాను. ఉన్నాడు పాపం.

మూడో రోజు, పదకొండో ఫోనుకి, వృద్ధుల సహాయ విభాగంలో ఒక బొంగురు గొంతావిడ దొరికింది. నా లెక్కలో ఆవిడ దేవత. తొందరపెట్టకుండా విని, అన్నీ విడమరిచి చెప్పింది. పొద్దున్నే ఇంటికొచ్చి స్నానం చేయించి బట్టలు వేసే సహాయకులు ఉంటారట. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీలు బిగిస్తారట. వారానికోరోజు పెద్దవాళ్ళని పగటి కేంద్రానికి తీసుకెళ్ళి, ఇంట్లో చూసుకునేవాళ్ళకి ఊపిరి తీసుకునే తీరిక ఇస్తారట.

"ఇన్ని ఉన్నాయని ఎవరూ చెప్పలేదేవండీ?" అన్నాను.

"అడిగినవాళ్ళకి చెప్తామండీ" అంది. "ముందు మా మనిషి ఇంటికొచ్చి, ఆయన ఏం చేసుకోగలరో, ఏం చేసుకోలేరో చూస్తారు. దాన్నిబట్టి ఇస్తాం."

ఫారాలు నింపాను. నెలన్నరకి తారీకు ఇచ్చారు. ఆ సంగతి బావకి చెప్పినప్పుడు జరిగింది అసలు తప్పు.

"ఇంటికొచ్చి చూస్తారట బావా."

"ఏం చూస్తారు?"

"మీరు, ఇల్లు, బాత్రూము, అన్నీనూ. చూసి రాసుకుంటారట."

"అంటే తనిఖీ" అన్నాడు బావ. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. రెండేళ్ళుగా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు. బుద్ధిలేనిదాన్ని, చూసి మురిసిపోయాను కూడా.

ఆ నెలన్నరా ఆ ఇల్లు డిపో అయిపోయింది. బావ కుర్చీలోంచి ఆర్డర్లు వేస్తుంటే అక్క ఒంటిచేత్తో సర్దింది. మందుల డబ్బాలకి అట్టముక్కలు కట్టి పేర్లు రాయించాడు. మంచం పక్కనుండే కమోడు కుర్చీ పక్కింటి సామాన్ల గదికి వెళ్ళింది. స్నానాల పీట, జారకుండా వేసిన రబ్బరు చాప దాని వెనకాలే వెళ్ళాయి. పై వాటాలో ఉండే డ్రాయింగు మాస్టారి దగ్గర్నుంచి వెండి పిడి కర్ర ఒకటి ఎరువు తెప్పించాడు. దాంతో కుర్చీ నుంచి కిటికీ దాకా ఎనిమిది అడుగులు రోజూ సాధన. నాలుగో అడుగుకే చెమటలు. ఇదంతా వ్యాయామం అనుకున్నానే గానీ రిహార్సలని నాకు తట్టలేదు.

ఆ రోజు పదింటికి వచ్చిన అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయేమో. భుజాన పచ్చ సంచి, చేతిలో ఫారాల అట్ట. లోపలికి రాగానే ఇల్లు చూసి ఆశ్చర్యపోయింది. నేనూ ఆశ్చర్యపోయాను. బావ ఇస్త్రీ చొక్కాలో, తల నున్నగా దువ్వుకుని, పెళ్ళిచూపులకి వచ్చిన పెద్దమనిషిలా కూర్చుని ఉన్నాడు. అందుకోసం అక్క తెల్లవారకముందే లేచిందని తర్వాత తెలిసింది.

"స్నానం ఎవరు చేయిస్తారండీ?"

"నేనే చేస్తానమ్మా."

"బట్టలు?"

"ఇదిగో, వేసుకునే ఉన్నానుగా."

"కాస్త లేచి నడవగలరా?"

లేచాడు. వెండి పిడి మీద బరువంతా ఆనించి, పళ్ళు కనిపించకుండా బిగించి, ఎనిమిది అడుగులు వేసి, కిటికీ ఊచ పట్టుకుని, "ఇవాళ ఎండ బాగుంది" అన్నాడు. ఆ అమ్మాయి రాసుకుంది. తర్వాత అక్కవైపు తిరిగి, "మీకేమైనా కష్టంగా ఉందామ్మా?" అని అడిగింది.

"నాకేం కష్టం తల్లీ, కూర్చుని తినడమేగా" అంది అక్క.

నేను నోరు తెరిచాను. అక్క నా కాలు తొక్కింది. మూసుకున్నాను. ఎవరి తప్పెంతని ఎవరైనా అడిగితే నా వాటా అది.

ఆ అమ్మాయి వీధి మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడి, తర్వాత బావ మా ఇద్దరి చేతుల మీద కుప్పకూలాడు. చొక్కా తడిసి ముద్దయింది. అయినా నవ్వుతున్నాడు. "చూశావా ఎక్స్ఛేంజీ? ఒక్క ప్రశ్నకి కూడా తడబడలేదు."

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. 'దైనందిన పనులు స్వయంగా చేసుకోగలరు. ప్రస్తుతం సేవలు అవసరం లేదు.' బావ చదివి తల ఊపాడు. మళ్ళీ చదివాడు. ఈసారి చదివాక అక్కవైపు చూశాడు. అక్క ఎడమచేత్తో కాఫీ తెస్తోంది, కుడిచెయ్యి పొట్టకి ఆనించుకుని.

నాకు ఒళ్ళు మండిపోయింది. "సంతోషమేనా? మీరు పాసయ్యారు బావా. మా అక్క ఫెయిలైంది" అన్నాను.

కాఫీ చల్లారిపోయింది.

బొంగురు గొంతావిడకి ఫోన్ చేసి జరిగింది చెప్తే నవ్వింది. నాకు కోపమొచ్చేలోపే, "సగం ఇళ్ళలో ఇదేనండీ" అంది. "మేమొస్తున్నామంటే ఇల్లు కడిగి, కొత్త బట్టలు వేసుకుని, 'మాకేం లోటు' అంటారు. మేము ఫారంలో అదే రాస్తాం. ఇప్పుడు రెండు పనులు చేయండి. ముప్పై రోజుల్లోగా మళ్ళీ చూడమని రాసి పంపండి. ఒక వారం రోజులు నోటుబుక్కులో రాయండి. ఎన్నిసార్లు లేపారు, ఎవరు లేపారు, ఎంతసేపు పట్టింది. బాగున్న రోజు కాదు, బాగోలేని రోజు రాయండి."

"అలాగేనండీ."

"ఇంకోటి. చూసుకునే మనిషి కోసం వేరే ఫారం ఉంటుంది. అది ఎవరూ అడగరు. మీరు అడగండి."

అడిగాను. నోటుబుక్కు కొనిచ్చాను. మూడు రోజుల తర్వాత తెరిచి చూస్తే అక్క గుండ్రటి అక్షరాలతో రాసింది: సోమవారం, బాగానే ఉంది. మంగళవారం, బాగానే ఉంది. బుధవారం, బాగానే ఉంది, కొంచెం మబ్బు. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఇది వాతావరణ వార్తా, అని అరిచాను.

బావకి పెన్నిస్తే పక్కన పడేశాడు. "నా చేతకానితనం నా చేత్తో రాసుకోవాలా? ఆ పిల్ల ముందు నేను అబద్ధాలకోరునని ఒప్పుకోవాలా? నా వల్ల కాదు."

"సరే. అక్క చెయ్యి పడిపోయిన రోజున మిమ్మల్ని హోములో దింపి వస్తాను. నాలుగింటికి వచ్చి ఆరింటికి వెళ్ళిపోతుంది. అప్పుడు పై అంతస్తు కిటికీలోంచి ఎండ ఎలా ఉందో చూసుకుందురు గాని."

అనేశాను. ముక్కు మీద కోపం నాకు పుట్టుకతోనే వచ్చింది, కానీ ఆ మాట అనకుండా ఉండాల్సింది. బావ మొహం తిప్పుకున్నాడు. ఇంటికి నడుస్తూ వీధిలోనే ఏడ్చాను. ఏడుస్తూనే, నేనన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదని కూడా అనుకున్నాను.

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు వెళ్తే నోటుబుక్కు టేబుల్ మీద ఉంది. రెండు పేజీలు, స్టోర్ రిజిస్టరు గళ్ళలా గీతలు కొట్టి, బావ చేతిరాత. టైము, పని, ఎవరు, ఎన్ని నిమిషాలు. 'ఎవరు' అన్న గడిలో పైనుంచి కింద దాకా ఒకే మాట: ఆమె. ఆమె. ఆమె. నేను పుస్తకం మూసి టేబుల్ మీదే పెట్టేశాను. అక్క, "ఈయన రాత ఇప్పటికీ ముత్యాల్లా ఉంటుంది కదే" అంది.

రెండోసారీ పచ్చ సంచి అమ్మాయే వచ్చింది. ఈసారి ఏదీ సర్దొద్దని ముందే హెచ్చరించాను. కమోడు కుర్చీ మంచం పక్కకి తిరిగొచ్చింది. అక్క దాన్ని అద్దంలా తోమి పెట్టింది. దానికి నేనేం చెయ్యను!

"స్నానం ఎవరు చేయిస్తారండీ?"

బావ నేలవైపు చూశాడు. "ఆవిడ" అన్నాడు.

"బట్టలు?"

"ఆవిడే."

తర్వాతి ప్రశ్న కమోడు గురించి. బావ చెవులు ఎర్రబడ్డాయి. నేను లేచి, "బయట ఉంటాను" అన్నాను.

"కూర్చోవే" అన్నాడు. "నీకు తెలియనిదేముంది." ఆ ప్రశ్నకీ జవాబు చెప్పాడు. పన్ను పీకించుకున్నట్టు చెప్పాడు, కానీ చెప్పాడు.

అప్పుడా అమ్మాయి రెండో ఫారం తీసి అక్కకి ఎదురుగా కుర్చీ జరుపుకుంది. "ఇది మీ గురించమ్మా. ఆయన్ని లేపుతూ ఎప్పుడైనా పట్టు తప్పారా? పడ్డారా?"

"అబ్బే, లేదమ్మా" అంది అక్క. "నేను జాగ్రత్తగానే ఉంటాను."

"అబద్ధం" అన్నాడు బావ.

"ఏమండీ..."

"నువ్వుండు. రాసుకోండమ్మా. మీరు మొదటిసారి వచ్చారే, దానికి రెండు రోజుల ముందు. మంగళవారం, తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. బాత్రూములో నన్ను లేపుతుంటే ఆవిడ కాలు జారింది. ఇద్దరం పడ్డాం. ఆవిడ కింద, నేను పైన. ఎనభై కిలోలు. ఒంటిచేత్తో ఎంత తోసినా నేను పక్కకి జరగలేకపోయాను. నలభై నిమిషాలు అలాగే ఉన్నాం, చివరికి గడప పట్టుకుని నేను పక్కకి దొర్లేదాకా. ఆవిడకి ఊపిరి ఆడటం లేదు. ఆ ఊపిరాడకుండానే నన్నేమడిగిందో తెలుసా? 'మీకు దెబ్బ తగల్లేదు కదా' అంది."

బావ నావైపు తిరిగాడు.

"ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. అది నువ్వే."

నేనే. రోజూ తొమ్మిదింటికి చేస్తాను. ఆ రోజు రెండుసార్లు చేస్తే ఎత్తలేదు. పదింటికి అక్కే చేసి, పక్కింటికెళ్ళానే అంది. సరేలే అని పెట్టేశాను. గొంతు విని మనిషి ఏ స్థితిలో ఉన్నాడో చెప్పగలనని ముప్పై మూడేళ్ళు గొప్పలు పోయినదాన్ని, సొంత అక్క గొంతు గుర్తుపట్టలేదు. అక్కడే, పరాయి పిల్ల ముందే, ఏడ్చేశాను. సిగ్గు కూడా అనిపించలేదు.

పచ్చ సంచి అమ్మాయి పెన్ను కింద పెట్టింది. "అమ్మా, మీకేం కావాలి?" అని అడిగింది. ఆయనకి కాదు, మీకు, అని మళ్ళీ చెప్పింది.

ఆ ప్రశ్న అక్కని అంతకుముందు ఎవరూ అడగలేదనుకుంటాను. నేనూ అడగలేదు.

"నిద్ర" అంది అక్క.

రెండు వారాలకి కాగితం వచ్చింది. వారానికి ఆరు రోజులు పొద్దున్న గంటన్నర సహాయకుడు, బాత్రూములో కడ్డీలు, గురువారం పగటి కేంద్రం. హోము మాట ఎక్కడా లేదు. అక్క ఆ కాగితాన్ని ఎక్కడ దాచాలో తెలియక బియ్యం డబ్బాలో పెట్టింది.

మొదటి రోజు నేనూ వెళ్ళాను. వచ్చినవాడు తలుపంత మనిషి. ఇదివరకు ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసేవాడట. బావ కింద నుంచి పైదాకా చూశాడు.

"ఎంత బరువు ఎత్తావు నువ్వు?"

"బీరువాలు ఎత్తానండీ."

"నేను బీరువాని కాదు."

"తెలుసండీ. బీరువా ఎదురు మాట్లాడదు."

బావకి నవ్వొచ్చింది. ఇద్దరూ గడప దాటి లోపలికి వెళ్ళారు. అక్క తువ్వాలు పట్టుకుని తలుపు బయట నిలబడి, "నీళ్ళు మరీ వేడిగా వద్దు బాబూ... ఎడమచెయ్యి ముందు తొడగాలి... చెవి వెనకాల సబ్బు..." అంటూనే ఉంది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ముందుగదిలో బావ కుర్చీలోనే కూర్చోబెట్టాను. "కాఫీ పెడతాను, కదలకు" అని వంటింట్లోకి వెళ్ళాను. గ్లాసులతో తిరిగొచ్చేసరికి తల ఒకపక్కకి వాలిపోయి, నోరు కొంచెం తెరుచుకుని, నిద్రపోతోంది. తువ్వాలు ఇంకా ఒళ్ళోనే ఉంది.

అప్పుడే లోపలి తలుపు తెరుచుకుంది. బావ ఆ మనిషి భుజం మీద చెయ్యి వేసి, తడి తలతో, ఉతికిన చొక్కాతో, ఒక్కో అడుగూ వేస్తూ వచ్చాడు. అక్కని చూసి ఆగిపోయాడు. భుజం మీది చెయ్యి తీసి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. నేను గ్లాసులు చప్పుడు కాకుండా కింద పెట్టి, ఇంకో కుర్చీ తేబోయాను. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

సహాయకుడు ఆయన చెవి దగ్గర గొంతు తగ్గించి, "ఎంతసేపు నిలబడతారండీ?" అన్నాడు.

"నువ్వు పట్టుకున్నావు కదా" అన్నాడు బావ. "ఉండు కాసేపు."